పొడుగువాళ్లకి చిన్న మోటర్‌హోమ్: మా టేపు చెప్పిన లెక్క



పోయిన ఆదివారం సమావేశం అయ్యాక టీ తాగుతూ ఇద్దరు ముగ్గురు ఒక ప్రశ్న అడిగారు. "మీరు సంక్రాంతి తర్వాత మోటర్‌హోమ్‌లో తిరిగొచ్చారట కదా, మా ఇంట్లో ఆరడుగుల పిల్లలున్నారు, చిన్న బండిలో వాళ్లకి సుఖంగా ఉంటుందా?" అని. అక్కడ నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదు, రాసి పెడతామని చెప్పి వచ్చేశాం. ఇదిగో, రాస్తున్నాం. ఎప్పటిలాగే పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉన్నప్పుడు చదవండి.

కొత్త సభ్యుల కోసం ఒక మాట. మేము అంటే మేమిద్దరం. రాసేది ఒకరు, పక్కన కూర్చుని "అలా కాదు" అనేది ఇంకొకరు. రాసేవారి చదువంతా తమిళ మీడియంలో. తెలుగు ఇంట్లో నోటితో వచ్చిందే గాని బడిలో నేర్చుకున్నది కాదు. ఉద్యోగంలో చేరాక, గుంతకల్లులో స్టేషను బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాం. కాబట్టి ఒత్తులు తప్పితే మన్నించండి, దిద్దేవారు పక్కనే ఉన్నారు.

ఇక విషయం. మా అబ్బాయి పొడవు 6 అడుగుల 3 అంగుళాలు. మాలో ఒకరం 5 అడుగుల 5 అంగుళాలు, ఇంకొకరం సరిగ్గా 5 అడుగులు. ఈ తాడిచెట్టు మా ఇంట్లో ఎలా మొలిచిందని నాందేడ్‌లో అడగనివారు లేరు. మాలో పొట్టివారి మేనమామ మంచి పొడగరి అని చెప్పి తప్పించుకుంటూ ఉంటాం.

అబ్బాయి పుణెలో ఉద్యోగం. అక్కడ వాడి స్నేహితుడు ఒక టెంపో ట్రావెలర్ కొని, లోపలంతా విప్పించి మోటర్‌హోమ్‌గా కట్టించుకున్నాడు. ఆరు రోజులు ఇస్తానన్నాడట. వాడే నడుపుకుంటూ నాందేడ్ వచ్చి మా గుమ్మం ముందు ఆపాడు. వీధిలో పిల్లలంతా చేరారు. వెనక మంచం, పక్కన పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్, ఎదురెదురు రెండు సోఫాలు, మధ్యలో మడత బల్ల, తలుపు పక్కన బాత్రూము. చూడ్డానికి బొమ్మరిల్లే. మాలో వంటచేసేవారికి మొదటి చూపుకే నచ్చింది, పోపుడబ్బాకి కూడా ఒక గూడు ఉంది.

ఈ మోటర్‌హోమ్ సరదా మన దగ్గర ఈమధ్యే మొదలైంది. 2021లో కేరళ 'కారవాన్ కేరళం' అని ఒక పథకం పెట్టింది, మన మహారాష్ట్ర కూడా అదే ఏడు కారవాన్ టూరిజానికి ఒక విధానం తెచ్చింది. యూరప్‌వాళ్లకి ఇది పాత సంగతి. ఫోక్స్‌వాగన్ వ్యానులో మంచాలూ పొయ్యీ అమర్చుకునే పెట్టెని జర్మనీలో వెస్ట్‌ఫాలియా కంపెనీ 1951లోనే చేసింది. పొడుగువాళ్లు ఎక్కువగా ఉన్న దేశాలు అవి. నెదర్లాండ్స్‌లో మగవాళ్ల సగటే సుమారు ఆరడుగులు. అయినా అక్కడా ఈ ప్రశ్న తీరలేదంటాడు మా అబ్బాయి. ఎందుకు తీరలేదో బండిలో మొదటి రాత్రే తెలిసింది.

మా దారి నాందేడ్, దేగ్లూర్, ఔరాద్ మీదుగా బీదర్. అక్కడ ఒక రాత్రి. తర్వాత హంపీలో రెండు రాత్రులు, విజయపురలో ఒకటి, తిరుగుదారిలో తుల్జాపూర్‌లో ఒకటి.

బీదర్‌లో రాత్రి భోజనమయ్యాక అబ్బాయి పక్కలు పంచాడు. "వెనక మంచం మీ ఇద్దరికీ. నేను సోఫాల మీద పడుకుంటా." రెండు సోఫాల మధ్య బల్లని కిందికి దించి, దాని మీద మెత్తలు పరిస్తే అదో మంచం. "నీకు సరిపోతుందా నాన్నా?" అని మాలో ఒకరం అడిగాం. "బాగానే ఉంటుందమ్మా, మీరు పడుకోండి" అన్నాడు. మేము పడుకున్నాం. మాకు హాయిగా సరిపోయింది. వెంటనే నిద్ర పట్టేసింది.

రెండు గంటలప్పుడు మెలకువ వచ్చి చూస్తే సోఫా మంచం ఖాళీ. ముందు డ్రైవరు సీటులో వాడు, కాళ్లు పక్క సీటు మీదకి చాపి, తల అద్దానికి ఆనించి, దుప్పటి మెడదాకా కప్పుకుని నిద్రపోతున్నాడు. జనవరి చలి, అద్దం మీద వాడి ఊపిరి మంచులా పట్టి ఉంది. లేపలేదు. లేపినా ఏమంటాడో తెలుసు. బాగానే ఉందంటాడు.

ఆ మాట మాకు కొత్త కాదు. ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాం, మళ్లీ బండి దగ్గరికి వస్తాం.

2003లో నాందేడ్ డివిజన్ ఏర్పడ్డాక మేము ఇక్కడికి వచ్చాం. రిజర్వేషన్ కౌంటర్‌లో కూర్చున్న ఇన్నేళ్లలో సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్ల కోసం వచ్చే పంజాబ్ యాత్రికులని ఎంతమందిని చూశామో. 2008లో గురుతా గద్దీ మూడు వందల ఏళ్ల ఉత్సవాలప్పుడైతే చెప్పనే అక్కర్లేదు. వాళ్లలో పొడుగాటి పెద్దమనుషులు కొందరు కిటికీలోంచి వంగి ఒకే మాట అడిగేవారు: "బాబూజీ, సైడ్ మత్ దేనా." సైడ్ బెర్తు మాత్రం ఇవ్వకండి అని. మా చేతిలో ఏముంది, కంప్యూటరు ఇచ్చిందే ఇస్తాం అనేవాళ్లం. దరఖాస్తు కాగితంలో పేరు అడుగుతాం, వయసు అడుగుతాం, ఆడా మగా అడుగుతాం, కింద కావాలా పైన కావాలా అడుగుతాం. పొడవు మాత్రం ఎవరూ అడగరు.

సైడ్ ఎందుకు వద్దనేవారో రైలు ఎక్కేవాళ్లందరికీ తెలుసు గాని, దాని వెనక లెక్క చెబుతాం, ఎందుకంటే మోటర్‌హోమ్‌కీ అదే లెక్క. బ్రాడ్‌గేజ్ పెట్టె వెడల్పు సుమారు మూడుంపావు మీటర్లు. అరలోని ఆరు బెర్తులూ పెట్టెకి అడ్డంగా ఉంటాయి, కాళ్లవైపు నడవలోకి తెరిచి ఉంటుంది. పొడుగుమనిషి పాదాలు బయటికి వస్తాయి, వెళ్లేవాళ్లు తగులుతూ పోతారు, అయినా కాళ్లు చాపుకున్నాడు కదా. సైడ్ బెర్తు పెట్టె పొడవునా ఉంటుంది, రెండు చివర్లా మూసి ఉంటుంది. అక్కడ అంగుళం తక్కువైనా మోకాలు మడవాల్సిందే, తెల్లారేదాకా మడవాల్సిందే. పాత మీటర్‌గేజ్ పెట్టెలైతే ఇంకా సన్నం. మన్మాడ్-కాచిగూడ దారి మీటర్‌గేజ్‌గా ఉన్న రోజులు మనలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి. వెడల్పు తగ్గితే అడ్డంగా వేసిన మంచం పొడవు తగ్గుతుంది, ఇందులో పెద్ద ఇంజనీరింగు ఏమీ లేదు.

మా అబ్బాయి చెన్నైలో కాలేజీలో చేరినప్పుడు మొదటిసారి దిగబెట్టడానికి మాలో రాసేవారు వెంట వెళ్లారు. పాసు మీద ప్రయాణం, స్లీపర్ క్లాసు. మాకొచ్చినవి 17, 24. బెర్తు నంబర్లు తెలిసినవాళ్లకి ఇక చెప్పక్కర్లేదు: 17 అరలో కింది బెర్తు, 24 ఎదురుగా సైడ్ అప్పర్. టిక్కెట్టులో ముందున్న పేరుకి 17, రెండో పేరుకి 24. రాత్రి తొమ్మిదికల్లా 17 మీద దుప్పటి పరిచి పడుకున్నారు మాలో ఆ 5 అడుగుల 5 అంగుళాలవారు. వాడికి అప్పటికే ఆరడుగులు దాటింది. పైకెక్కి ముడుచుకున్నాడు. "బాగానే ఉందిరా?" "బాగానే ఉంది నాన్నా." పొద్దున లేచి చూస్తే కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు, ఎప్పుడు దిగాడో తెలియదు.

మారుకుంటే పోయేది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, తండ్రీకొడుకులు బెర్తులు మార్చుకుంటే ఏ టీటీఈ ఏమంటాడు? కౌంటర్‌లో కూర్చుని మనవాళ్ల కోసం ఎవరినీ ఏమీ అడగకూడదన్న పట్టుదల ఒకటి ఉండేది మాకు. అది మంచిదే, దాని గురించి ఇప్పటికీ బాధ లేదు. కానీ ఇది ఆ పట్టుదల కూడా కాదు. తట్టలేదు, అంతే. ఆ తర్వాత నాలుగేళ్లు వాడు ఒంటరిగా తిరిగిన ప్రయాణాల్లో ఎన్నిసార్లు 7, 8, 15, 16 వచ్చాయో మేము అడగలేదు, వాడూ చెప్పలేదు. ఉద్యోగం వచ్చిన మరుసటి నెలనుంచి వాడు రైలు మానేశాడు. బస్సులో ముందు సీటు, లేదా సొంత కారు. రైల్వే జీతంతో పెరిగినవాడికి రైలంటే చులకనా అని మేము చాలాసార్లు నొచ్చుకున్నాం కూడా.

డ్రైవరు సీటులో వాడిని అలా చూసి ఇదంతా గుర్తొచ్చింది. తెల్లారి మాలో ఒకరం సంచిలోంచి కుట్టుపని టేపు తీశాం. టేపు ఎందుకు తెచ్చావని ఇంకొకరం అడగలేదు.

కొలతలు ఇవీ. పొడుగు పిల్లలున్నవారు రాసుకోండి.

వెనక మంచం బండికి అడ్డంగా ఉంది: గోడ నుంచి గోడకి 5 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు 4 అడుగుల 2 అంగుళాలు. సోఫా మంచం బండి పొడవునా: సరిగ్గా 6 అడుగులు, ఒకవైపు బీరువా, ఒకవైపు బాత్రూము గోడ. అంటే మా భాషలో సైడ్ బెర్తు, రెండు చివర్లా మూత. పోనీ 6 అడుగులవాడికైనా సరిపోతుందా అంటే అదీ లేదు. మనిషి పడుకుంటే పాదాలు వాలుతాయి, దిండు తలని కిందికి నెడుతుంది. నిలబడ్డ పొడవుకి కనీసం నాలుగైదు అంగుళాలు కలుపుకోవాలి. 6 అడుగుల మంచం 5 అడుగుల 8 అంగుళాలవాడికి. ఇది మా లెక్క, ఎవరైనా కాదంటే టేపు పట్టుకుని పడుకుని చూడండి.

అడ్డం మంచాల ఇబ్బంది మన బండికే కాదు. యూరప్‌లో మోటర్‌హోమ్‌లు ఎక్కువగా ఫియట్ డుకాటో వ్యాను మీద కడతారట, దాని లోపలి వెడల్పు రేకు నుంచి రేకుకి 1.87 మీటర్లు. అంటే ఆరడుగుల ఒకటిన్నర అంగుళం. దానికి వేడి ఆపే పొర, లోపలి చెక్కా వేస్తే ఇంకెంత మిగులుతుంది? అందుకని అక్కడ కొందరు మంచం దగ్గర రేకుని కోసి బయటికి ఉబ్బిన పలక బిగించి, రెండువైపులా కొన్ని అంగుళాలు సంపాదించుకుంటారు. పొడుగువాళ్లకి మంచం పొడవునా ఉండాలి, లేదా బండి పొడుగ్గా ఉండాలి. అప్పుడు అది చిన్న మోటర్‌హోమ్ కాదు.

నిలబడే ఎత్తు: లోపల 6 అడుగుల 1 అంగుళం. స్నేహితుడు మరాఠ్వాడా ఎండలకి భయపడి పైకప్పుకి మందంగా పొర వేయించాడు, కింద చెక్క నేల వేయించాడు. రెండూ మంచివే, రెండూ కలిసి అంగుళాలు తిన్నాయి. మా అబ్బాయి నిటారుగా నిలబడగలిగిన చోటు బండి మొత్తంలో ఒక్కటే: పైకప్పులో గాలి కోసం పెట్టిన కిటికీ కింద. వాడు ప్యాంటు వేసుకోవాలన్నా, చొక్కా వేసుకోవాలన్నా అక్కడికే రావాలి. బాత్రూములో నేల ఇంకో నాలుగు అంగుళాలు ఎత్తు, కింద నీళ్ల పళ్లెం ఉంటుంది కదా. స్నానానికి వాడు తల పక్కకి వాల్చి నిలబడాలి. రెండో రోజు నుంచి లాడ్జిలో స్నానాల గదికి డబ్బు కట్టాడు.

డ్రైవరు సీటు సంగతి ఎవరూ చూడరు, అది కూడా చూడండి. సీటు వెనక సోఫా వీపు అడ్డం రావడంతో సీటు వెనక్కి జరగదు. ఆరు రోజులు వాడి కుడి మోకాలు స్టీరింగు కిందే రాసుకుంది.

ఇన్ని తప్పులు స్నేహితుడివి అనుకోకండి. అతని పొడవు 5 అడుగుల 6 అంగుళాలు. తన ఒంటికి కొలిచి కట్టించుకున్నాడు, ఇంచు వృథా చెయ్యలేదు. మా ఇద్దరికైతే అంతకన్నా మంచి బండి ఉండదు. "అంథరూణ్ పాహూన్ పాయ్ పసరావే" అని ఇక్కడ మరాఠీవాళ్లంటారు, పక్క చూసి కాళ్లు చాపమని. మనమూ దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపమంటాం. రెండు భాషల్లోనూ దుప్పటి ఎవరు నేశారని మాత్రం అడగం.

హంపీలో మొదటి రాత్రి పేచీ పడ్డాం. పక్కలు మార్చాలని మేము, అక్కర్లేదని వాడు. "అమ్మ మోకాళ్లకి ఆ సోఫా పనికిరాదు నాన్నా." "అమ్మ మోకాళ్ల సంగతి అమ్మ చెబుతుంది." అమ్మ చెప్పింది. వాడు వెనక మంచం మీద మూల నుంచి మూలకి పడుకోవాలని తీర్మానం అయ్యింది. ఇది కూడా కాగితం మీద వేసి చూశాం: 70 అంగుళాలు, 50 అంగుళాలు, కర్ణం 86 అంగుళాలు. పైథాగరస్‌ని మేము తమిళంలో చదివినా లెక్క అదే వచ్చింది. మనిషికి భుజాలుంటాయి కాబట్టి మొత్తం కర్ణం దక్కదు గాని, 75 అంగుళాల మనిషి తల ఒక మూల, పాదాలు ఎదురు మూల పెట్టుకుని కాళ్లు చాపగలిగాడు. మోచెయ్యి ఒకటి గోడకి తగులుతుంది. తగలనీ.

కానీ చూశారా, ఇద్దరి మంచం ఒకరి మంచమైపోయింది. పొడుగువాడికి భార్య ఉంటే ఆమె ఎక్కడ పడుకోవాలి? ప్రకటనల్లో 'నలుగురు పడుకోవచ్చు' అని రాస్తారు, ఏ పొడవు నలుగురో రాయరు. పొడుగు మనిషి ఒకరుంటే ఆ అంకెలోంచి ఒకటి తీసేసి బండి మాట్లాడుకోండి.

మేమిద్దరం సోఫా మంచం మీద. వెడల్పు 3 అడుగుల 8 అంగుళాలు. ఆర్‌ఏసీలో ఒకే సైడ్ లోయర్ మీద ఇద్దరు సర్దుకున్నట్టే ఉంది. నలభై ఏళ్లు జనానికి ఆర్‌ఏసీ టిక్కెట్లు చింపి ఇచ్చినందుకు ఇప్పుడు మాకు వచ్చిందని మాలో ఒకరం అంటే, ఇంకొకరం చీకట్లో నవ్వాపుకోలేకపోయాం. మోకాళ్లు నొప్పి పెట్టాయి, అబద్ధం చెప్పం. తెల్లారి ఏడున్నర దాకా వెనకనుంచి గురక వినిపిస్తూనే ఉంది. వాడు గురక పెడతాడని మాకు తెలియదు. తెలిసేంత గాఢంగా మా ఎదుట ఎప్పుడు పడుకున్నాడని?

విజయపురలో గోల్‌గుంబజ్ లోపల గుమ్మటం కింద నిలబడి వాడు రెండు చేతులూ పైకెత్తి ఒళ్లు విరుచుకున్నాడు. "నాన్నా, నాకిలాంటి మోటర్‌హోమ్ కావాలి" అన్నాడు. చుట్టూ ఉన్న బడిపిల్లలు ప్రతిధ్వని కోసం అరుస్తున్నారు, వాడి మాట మాకు సగమే వినిపించింది. ఆ పూటే, పైన గుసగుసల వసారాలో కూర్చున్నప్పుడు, 17, 24 సంగతి ఎత్తాం. గోడ దగ్గర మెల్లగా చెప్పినా అటువైపు వినిపిస్తుందని మరిచిపోయి ఎత్తాం. వాడికి ఆ నంబర్లు గుర్తు లేవు. ప్రయాణం గుర్తుంది. "ఆ రాత్రి మీరు గాఢంగా నిద్రపోయారు నాన్నా. అంతకుముందు వారమంతా నైట్ డ్యూటీలు కదా. అందుకే లేపలేదు" అన్నాడు. లేపితే మారేవాళ్లమో లేదో మేము చెప్పలేకపోయాం. వాడు అడగనూ లేదు. కిందికి దిగి చెరుకురసం తాగాం.

కాబట్టి అడిగినవారికి జవాబు. మీ ఇంట్లో అందరూ 5 అడుగుల 8 లోపయితే చిన్న మోటర్‌హోమ్ నిశ్చింతగా తీసుకోండి, మంచి ప్రయాణం. ఆరడుగుల మనిషి ఒకరుంటే ముందు బండి దగ్గరికి ఆ మనిషినే తీసుకెళ్లండి. ఫోటోలు చూసి ఒప్పుకోవద్దు. చెప్పులు విప్పి, దిండు పెట్టి, పది నిమిషాలు పడుకోమనండి. మంచం కాళ్లవైపు తెరిచి ఉందా, మూసి ఉందా చూడండి, పొడవులో రెండు అంగుళాలు తక్కువైనా తెరిచి ఉన్నదే నయం. డ్రైవరు సీటులో కూర్చోబెట్టండి. పైకప్పు పైకి లేచే రకం దొరికితే నిలబడే బాధ తీరుతుంది, మంచం బాధ తీరదు. ఇద్దరు పొడుగువాళ్లుంటే బండి మానేసి లాడ్జిలో గదులు తీసుకోవడం మేలు, డబ్బు కూడా తక్కువే అవుతుంది. ఎలా ఉందని అడిగితే బాగానే ఉందని అంటారు, ఆ మాట లెక్కలోకి తీసుకోకండి.

తుల్జాపూర్‌లో అమ్మవారి దర్శనం చేసుకుని మరుసటి రోజు సాయంత్రానికి నాందేడ్ చేరాం. ఆ రాత్రి వాడు ఇంట్లో తన గదిలో పడుకున్నాడు. వాడు పదో తరగతిలో ఉన్నప్పుడు కొన్న టేకు మంచం, తలవైపు పలక, కాళ్లవైపు పలక. పొద్దున వాడు పుణె వెళ్లిపోయాక టేపు తీసుకుని ఆ గదిలోకి వెళ్లాం. పలక నుంచి పలకకి 6 అడుగులు. ఇరవై ఏళ్లుగా పండక్కి వచ్చినప్పుడల్లా వాడు దాని మీదే పడుకుంటున్నాడు.

వడ్రంగిని పిలిపించి కాళ్లవైపు పలక కోయించాం. మంచి టేకు, పారేయబుద్ధి కాలేదు. వంటింట్లో గోడకి కొట్టించాం, ప్రస్తుతం దాని మీద ఆవకాయ జాడీలు మూడు ఉన్నాయి. మంచం చివర ఒక బల్ల వేసి పరుపు పొడిగించాలి, ఏడడుగుల పరుపు కుట్టేవాళ్లు వజీరాబాద్ వైపు ఎవరైనా తెలిస్తే కింద రాయండి. ఉగాదికి వస్తానన్నాడు.